ప్రతిజ్ఞలో రెండో వాక్యం: పాలమూరు పల్లెలో ఒక ‘యూత్’ కేసు

మా డీ-అడిక్షన్ సెంటర్‌లో నా దగ్గరున్న ఫైళ్ళన్నీ మనుషుల పేర్ల మీదే ఉంటాయి. ఒక్కదాని మీద మాత్రం ‘యూత్’ అని రాసుకున్నాను. దేవరకద్ర వైపు ఒక పల్లెలో ఉన్న యువజన సంఘం అది. ఊళ్లో దాన్ని ఎవరూ సంఘం అనరు. ‘యూత్ పిలగాండ్లు చందాకు వచ్చిండ్రు’, ‘టెంటు కావాల్నంటే యూత్‌ను అడుగుండ్రి’ అంటారు. పంచాయతీ ఆఫీసు వెనక ఒక రేకుల గది, అందులో క్యారం బోర్డు, నాలుగు బ్యాట్లు, గోడకు పాత వినాయకుల ఫోటోలు. పదహారేళ్ళ పిల్లల నుంచి ముప్పై దాటి పెళ్ళైనవాళ్ళ దాకా నలభై మందికి అటూఇటూగా ఉంటారు. చవితి మండపం, బతుకమ్మకు లైటింగు, సంక్రాంతికి క్రికెట్ టోర్నమెంటు, ఎవరైనా పోతే కుర్చీలు, కట్టెలు: ఊళ్లో ఏ పని పడ్డా వీళ్ళే.

వీళ్ళతో నేను పనిచేసింది 2024 జూన్ నుంచి 2025 సెప్టెంబర్ దాకా. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నా పొరపాటు మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ర్యాలీ

జూన్ 26 వచ్చిందంటే మాకు పెళ్ళిళ్ళ సీజన్ లాంటిది. మాదకద్రవ్యాల వ్యతిరేక దినం కాబట్టి స్కూళ్ళు, కాలేజీలు, పంచాయతీలు అన్నీ ఆ వారంలోనే పిలుస్తాయి. 2020 ఆగస్టు 15న నశాముక్త్ భారత్ అభియాన్ మొదలయ్యాక ఎంతమంది వచ్చారు, ఎంతమంది ప్రతిజ్ఞ చేశారు అనే లెక్కలు పంపే పని కూడా చేరింది. 2024లో సరిగ్గా ఆ వారమే యూత్ ప్రెసిడెంటు ఫోన్ చేశాడు. “సార్, గంజాయి మా దిక్కు కూడా వచ్చేటట్టున్నది. మేం గూడ ఒక ప్రోగ్రాం పెడ్తం, మీరు రావాలె” అన్నాడు. హైదరాబాద్‌లో కొన్నాళ్ళు క్యాబ్ నడిపి, వదిలేసి వచ్చి సెంట్రింగ్ పని చేసుకుంటున్న కుర్రాడు. మాటలో నిజాయితీ ఉంది. సరేనన్నాను.

బస్టాండు నుంచి చావడి దాకా ర్యాలీ తీశారు. స్కూలు పిల్లల చేతుల్లో అట్టలు. సర్పంచుల పదవీకాలం అప్పటికే అయిపోయింది కాబట్టి పంచాయతీ కార్యదర్శే ముఖ్య అతిథి. ఫ్లెక్సీ మీద పుర్రె, సిరంజీ, ఉరితాడు. నాకు తెలిసినంతలో ఆ ఊళ్లో మత్తు కోసం సిరంజీ పట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. ఉన్నది దుకాణం కల్లు, బెల్టు షాపు క్వార్టర్లు, కొత్తగా చెరువుకట్ట మీద గంజాయి వాసన. ఫ్లెక్సీలో వీటి ఊసే లేదు.

ఎస్సై గారు కేసుల గురించి చెప్పారు. నేను లివర్, గుండె, మెదడు అంటూ ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఉపన్యాసాలు, భయపెట్టే బొమ్మలు, పోలీసు హెచ్చరికలు పిల్లల అలవాట్లను మార్చవని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం 2018లో సవరించి వేసిన నివారణ ప్రమాణాల్లో స్పష్టంగానే ఉంది. ఆ ప్రింటవుట్ నా టేబుల్ మీదే ఉంటుంది. అయినా మైకు చేతికొచ్చాక ఊరికే దిగిపోబుద్ధి కాదు.

చివర్లో ప్రతిజ్ఞ. “నేను మద్యానికి, మత్తు పదార్థాలకు దూరంగా ఉంటాను” అనేది అందరూ చేయించేదే. దానికి నేను సొంతంగా ఇంకో వాక్యం కలిపాను: “ఈ రోజు నుంచి మా ఇంట్లో ఎవరినీ మత్తు ముట్టనివ్వను.” ముందు రోజు రాత్రి రాసుకుంటున్నప్పుడు చాలా బాగా కుదిరిందనిపించింది.

అవ్వ

రెండో వాక్యాన్ని మనసుకు పట్టించుకున్నవాడు ఒకడున్నాడు. ఇంటర్ రెండో సంవత్సరం. అమ్మానాన్నలు పుణెలో బిల్డింగ్ పనులకు పోయారు. పాలమూరులో ఇలాంటి ఇళ్ళు ఎన్నో. పిల్లవాడు నాయనమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్నాడు. వాడు ఆమెను అవ్వ అంటాడు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను.

అవ్వకు అరవై దాటాయి. పొద్దుగూకి కూలి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని దుకాణం దిక్కు పోతుంది. రెండు సీసాల కల్లు తాగి, ఇంటికొచ్చి ఇంత తిని పడుకుంటుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. ఆమెను తాగుబోతు అని ఊళ్లో ఎవరూ అనరు. గొడవ చేయదు, పనికి నాగా పెట్టదు. ఒంటినొప్పులకు మందు వేసుకున్నట్టు కల్లు తాగే ఆడవాళ్ళు ఈ వైపు చాలామందే ఉన్నారు.

ర్యాలీ రోజు సాయంత్రమే మనవడు దుకాణానికి పోయి “మా అవ్వకు పొయ్యొద్దు” అని చెప్పి వచ్చాడు. అవ్వ దగ్గరున్న చిల్లర డబ్బులు తీసి దాచాడు. ఆ రాత్రి ఆమె తిట్టింది. రెండో రోజు రాత్రంతా కంటిమీద కునుకు లేదు, చెమటలు. మూడో రోజు చేతులు ఎంత వణికాయంటే గటక గిన్నె పట్టుకోలేక ఒళ్ళో ఒంపుకుంది. ఆ రాత్రి ఎప్పుడో పోయిన పెనిమిటితో మాట్లాడటం మొదలుపెట్టింది. గోడ మీద లేని చీమలను ఏరి కింద పడేస్తోంది. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. పక్కింటివాళ్ళు వచ్చి చేతిలో తాళాల గుత్తి పెట్టారు. పళ్ళ మధ్య చెంచా దూర్చారు. చెంచాకు ముందు పన్ను ఒకటి విరిగింది.

నాకు ఫోన్ వచ్చింది ఐదున్నరకు. “సార్, మీరు చెప్పినట్టే చేసిన. అవ్వ సస్తున్నది.”

108కు చేయమని చెప్పాను. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టమని, నోట్లో ఏదీ పెట్టొద్దని, ఎంతసేపు వణికిందో గడియారం చూడమని చెప్పాను. నేను బండి మీద మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రికి చేరేసరికి అంబులెన్సు వచ్చి ఉంది. అంతలో దారిలో రెండోసారి ఫిట్స్ వచ్చాయట.

ఇది ఎందుకు జరిగిందో నాకు తెలుసు. తెలిసి కూడా ఆ చావడి దగ్గర చెప్పలేదు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తుంది.

చెట్టు మీద నుంచి దించిన కల్లులో ఆల్కహాల్ కొద్దిగానే ఉంటుంది. రోజుకు రెండు సీసాలు తాగే మనిషి అది మానేస్తే చికాకు పడొచ్చు గానీ గోడ మీద చీమలు కనిపించవు. దుకాణం సీసాలో ఉండే సరుకు వేరు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. నీళ్ళు పోసి, తీపి కోసం సాక్రిన్ వేసి, నిషా కోసం డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలుపుతారు. అల్ప్రాజోలం అంటే టెన్షన్‌కు, నిద్ర పట్టకపోతే డాక్టర్లు పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము లెక్కన రాసే మందు. మాదకద్రవ్యాలను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది. దుకాణంలో కలిపేవాడికి ఆ లెక్కలేమీ ఉండవు.

మనవడికి ఆసుపత్రి వరండాలో ఇలా చెప్పాను: మెదడుకు ఒక బ్రేకు ఉంటుంది. ఈ మందు రోజూ వచ్చి ఆ బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి అట్లా కూర్చుంటే మెదడు తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. ఉన్నట్టుండి ఆ కాలు తీసేస్తే బండి ఆగదు. నిద్ర పట్టదు, వణుకు వస్తుంది, మతి తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. ప్రాణం మీదికి కూడా రావచ్చు. రోజూ గట్టిగా మద్యం తాగేవాడు ఒక్కసారిగా మానేసినా దాదాపు ఇదే దారి. వణుకు మొదటి రోజే మొదలవుతుంది, ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి, మతి తప్పడం రెండో రోజు దాటాక. అయ్యప్ప మాల వేసుకున్న తొలి వారంలో మా దగ్గరికి ఇలాంటి కేసులు వస్తుంటాయి. స్వామి మీద భక్తితో మానేసి, మూడో రోజు నల్లబట్టల్లోనే స్ట్రెచర్ మీద వస్తారు.

2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి దుకాణాలు మూతపడ్డప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలామంది ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. మా సీనియర్లు ఆ రోజులను ఇప్పటికీ తలచుకుంటారు. ఈ పాఠం ఈ నేల మీదే, మా కళ్ళ ముందే ఉంది. నేను మాత్రం సిరంజీ బొమ్మ కింద నిలబడి లివర్ గురించి మాట్లాడాను.

డ్యూటీ డాక్టర్ వేసిన ప్రశ్నలు చాలా మామూలువి. రోజుకు ఎన్ని సీసాలు? ఎన్నేళ్ళుగా? చివరి సీసా ఎప్పుడు? ఏ దుకాణం? మూడింటికి మనవడు జవాబు చెప్పాడు. నాలుగోదానికి నా మొహం చూశాడు, చెప్పమన్నాను. సీసాలో ఏ మందు ఎంత ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి వణుకు, నాడి, నిద్ర చూసుకుంటూ డైజోఫాం డోసు కుదిర్చారు. వారం తర్వాత ఇంటికి పంపి, రెండు నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. అదే జాతి మందుతో మాన్పించడం ఊళ్లో వాళ్ళకు వింతగా ఉంది. “కల్లుల ఉన్నదే ఇస్తుండ్రు గద, గా సీసా ఇస్తే సరిపాయె” అన్నారు. తేడా లెక్కలో ఉంది: ఆసుపత్రి మాత్ర ఎంతో తెలుసు, కాబట్టి తగ్గించడం కుదురుతుంది.

నాలుగో రోజు అవ్వ తేరుకుంది. నన్ను దగ్గరికి పిలిచింది.

“సారూ, నన్ను కల్లు మానుమన్నది నువ్వేనా?”

“అవునవ్వా.”

“మరి ముందుగాల నన్ను అడగొద్దా?”

నా దగ్గర జవాబు లేదు. ఫైలులో ఆ రోజు తేదీ వేసి ఆ ఒక్క మాట మాత్రం రాసుకున్నాను.

దుకాణం మీదికి

యూత్‌లో పెద్దవాళ్ళకు సిగ్గు, కోపం రెండూ వచ్చాయి. కోపమే ముందు బయటపడింది. దుకాణం పగలగొడతామని పది, పదిహేను మంది లేచారు. ఒకడు సారా ఉద్యమం మాట ఎత్తాడు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టింది అందరికీ తెలుసు, 1993 అక్టోబర్‌లో సారా బంద్ అయింది. 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చి 1997లో పోయిన సంగతి మాత్రం వాళ్ళెవరికీ గుర్తులేదు, అప్పటికి కొందరు పుట్టలేదు, మిగతావాళ్ళు చిన్నపిల్లలు.

అప్పటిదాకా మూల కూర్చున్న ఒక గౌడ పిల్లవాడు మాట్లాడాడు. “మా నాయిన పొద్దుగాల మోకు కట్టుకొని చెట్టెక్కుతడు. రెండుసార్లు పడ్డడు. మీరు ఊరంత తిరిగి కల్లు విషం, కల్లు విషం అన్నరు గద. గా విషం మా నాయిన పోస్తుండా?” అంతకుముందు ర్యాలీలో వాడు కూడా అట్ట పట్టుకుని నడిచాడు. ఆ అట్ట మీద ఏముందో నేను చదవలేదు.

ఆ తర్వాతి ఆదివారం యూత్ చేసిన పని నేను చెప్పింది కాదు. ఆ పిల్లవాడి తండ్రిని వెంటబెట్టుకుని ఊరి చుట్టూ గీసే ఈతచెట్లు, తాటిచెట్లు లెక్కబెట్టారు. ఏ కాలంలో ఏ చెట్టు ఎన్ని సీసాలకు సరిపడా ఇస్తుందో ఆయన చెప్పాడు. దుకాణం ముందు సాయంత్రం ఖాళీ సీసాల క్రేట్లు లెక్కపెట్టారు. రెండు లెక్కలూ పొంతన లేవు. మిగతా కల్లు ఏ చెట్టు నుంచి దిగుతోంది? ఎవరి మీదా చేయి వేయకుండా, నినాదం ఇవ్వకుండా ఊరంతా ఆ ఒక్క ప్రశ్న అడిగింది. ఎక్సైజ్ వాళ్ళకు కాగితం కూడా ఆ లెక్కతోనే పెట్టారు. శాంపిళ్ళు తీసుకుపోయారు. దుకాణం కొన్నాళ్ళు మూతపడి మళ్ళీ తెరుచుకుంది. అక్కడ మేము సాధించింది పెద్దగా లేదు. కానీ గీత కార్మికుడు వేరు, కలిపేవాడు వేరు అన్న సంగతి యూత్‌కు తెలిసింది. లేకపోతే ఇది కులాల గొడవగా మారేది. అలా మారిన ఊళ్ళు నేను చూశాను.

మొదటి గ్లాసు

అసలు పని ఆగస్టులో మొదలైంది. చవితి సెప్టెంబర్ 7న. మూడు వారాల ముందు రేకుల గదిలో కూర్చున్నాం. ఈసారి నేను మాట్లాడనని ముందే చెప్పాను. తలా ఒక చీటీ ఇచ్చి, పేరు రాయకుండా, వయసు మాత్రం వేసి మూడు ప్రశ్నలకు జవాబు రాయమన్నాను. నువ్వు మొదటిసారి ఎక్కడ తాగావు, పోసింది ఎవరు? పోయిన నెలలో తాగావా? మన ఊళ్లో నీ ఈడు వాళ్ళు నూటికి ఎంతమంది తాగుతారనుకుంటున్నావు? అసలు తాగనివాళ్ళు ‘లేదు’ అని రాస్తే చాలు. చీటీలన్నీ పోయినేడాది చందా డబ్బాలోనే వేశారు. తాళంచెవి దొరక్క వెనక రేకు వంచి తీయాల్సి వచ్చింది.

ప్రెసిడెంటు ఒక్కొక్కటి తీసి పైకి చదివాడు.

“నిమజ్జనం. ట్రాక్టర్ మీద.” “దసరా. మా బావ.” “నిమజ్జనం. కూల్‌డ్రింకుల కలిపి ఇచ్చిండ్రు, నాకు తెల్వదు.” “టోర్నమెంటు గెల్సిన్నాడు, యూత్ దావత్.” “లేదు.” “నిమజ్జనం.” మొదట్లో నవ్వులు. నాలుగైదు చీటీల తర్వాత నవ్వు తగ్గింది. ఒక చీటీ తీసి దాన్ని మాత్రం చదవకుండా రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని తర్వాతి చీటీ తీశాడు. అందులో ఏముందని ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసిపోయింది. చాలా రోజుల తర్వాత బండి మీద వెనక కూర్చుని ఉండగా తనే చెప్పాడు: “నా పేరే సార్.”

బెల్టు షాపు వాడు, సినిమాలు, హైదరాబాద్ స్నేహాలు అని మనం వేళ్ళు ఎటెటో చూపిస్తుంటాం. ఆ డబ్బాలో ఉన్న చీటీల్లో ఎక్కువ భాగం చెప్పింది ఒకే మాట: మొదటి గ్లాసు మనవాడే పోస్తాడు, ప్రేమతోనే పోస్తాడు, పండగ రోజే పోస్తాడు. మత్తుకు వ్యతిరేకంగా ర్యాలీ తీసిన యూతే ఊళ్లో పిల్లలకు మొదటి గ్లాసు అందిస్తున్నది. నాకు ఈ కేసు అంతా అక్కడే ఉంది.

చట్టం సంగతి అప్పుడు చెప్పాను. ర్యాలీలో చెప్తే గాలికి పోయేది. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మద్యం అమ్మకూడదు. పద్దెనిమిది నిండని పిల్లలకు మద్యం గానీ, మత్తు పదార్థం గానీ ఇచ్చినవాళ్ళకు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. “అమ్మినోనికా సార్?” అని ఒకడు. ఇచ్చినవాడికి కూడా, ఉచితంగా పోసినా సరే అన్నాను. “అంటే గీ గదిలున్నోళ్ళందరు లోపలికి పోవాల్సిందే” అన్నాడు క్యాషియర్.

క్యాషియర్ గురించి చెప్పాలి. బీకాం చదివి ఎరువుల షాపులో లెక్కలు రాస్తాడు. యూత్ లెక్కల పుస్తకం అతని దగ్గరే ఉంటుంది. పొడుగు పుస్తకం, ఎర్ర అట్ట. ఆ రోజు తనంతట తానే తెచ్చి నా ముందు పెట్టాడు. 2023 చవితి పేజీలో విగ్రహం, మండపం, లైటింగు, డీజే, పూజారి సంభావన, ప్రసాదం, ట్రాక్టర్ కిరాయి. అన్నిటికంటే కింద ‘ఇతరములు – 18,500’. ఇతరములు అంటే ఏంటని అడిగాను. “అందరికి ఎర్కే సార్. రాస్తే మంచిగుండదని ఇతరములు అని రాస్తం.” అవ్వ కూడా పోయినేడు యాభై రూపాయల చందా ఇచ్చింది. రసీదు పుస్తకంలో ఆమె పేరు చూపించాడు.

మూడో ప్రశ్న సంగతి. పోయిన నెలలో తాగామన్నవాళ్ళు ఇరవై ఒకటి లోపు పిల్లల్లో మూడో వంతు కూడా లేరు. కానీ ‘నా ఈడు వాళ్ళు నూటికి ఎనభై, తొంభై మంది తాగుతారు’ అనే దాదాపు ప్రతి ఒక్కడూ రాశాడు. అందరూ తాగుతున్నారు, నేనొక్కణ్ణే తాగకపోతే ఎట్లా అనుకునేవాళ్ళు ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్నారన్నమాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క కూడా చెప్పాను: 2019–21 ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో తాగేవాళ్ళు 43 శాతం. దేశంలో ఇది చాలా ఎక్కువ, అయినా సగం కాదు. “గా సర్వే సార్లు మా ఊరికి రాలేదు” అని నవ్వారు. సర్వేను నమ్మలేదు గానీ డబ్బాలో చీటీలను నమ్మారు. అవి వాళ్ళ చేతిరాతే.

బండి డ్యూటీ

వద్దు అని చెప్పడం నేర్పించాలని మా ట్రైనింగుల్లో పెద్ద అధ్యాయమే ఉంటుంది. కళ్ళలోకి చూడు, గట్టిగా చెప్పు, అక్కడి నుంచి వెళ్ళిపో అంటుంది. ఒక పిల్లవాడు వినీ వినీ అన్నాడు: “సార్, పోసేది మా అన్న. కండ్లల్లకు చూసి వద్దంటే చెంప పగుల్తది. యాడికి పోవాలె, ట్రాక్టర్ నడుస్తుంటది.”

మరి ఎప్పుడైనా ఎవరైనా బలవంతం చేయని సందర్భం ఉందా అని అడిగాను. వెంటనే ముగ్గురు ఒకేసారి “మాల వేసుకున్నప్పుడు” అన్నారు. మాలలో ఉన్నవాడికి గ్లాసు ఇవ్వడం కాదు, వాడి ముందు సీసా తీయడానికే భయపడతారు. అంటే మన ఊళ్లో వద్దు అనే మాటకు గౌరవం ఉంది. దానికి ఒక గుర్తు ఉండాలి, అది మనిషి మాట మీద కాకుండా మెడలో కనిపించాలి. మండల దీక్ష నలభై ఒక్క రోజులే. మిగతా రోజులకు ఏంటి?

సెంట్రింగ్ పని చేసే ప్రెసిడెంటు బుర్రకే తట్టింది. నిమజ్జనం రోజు ట్రాక్టర్, జనరేటర్, చెరువు దగ్గర తాడు చూసుకునే నలుగురికి మెడలో ఎర్ర కండువా. దాని పేరు బండి డ్యూటీ. కండువా ఉన్నవాడికి ఎవరూ గ్లాసు చూపించకూడదు, చూపిస్తే వచ్చే ఏడు కమిటీలో ఉండడు. డ్యూటీ అడిగినవాడికల్లా ఇవ్వాలి. నలుగురికి అనుకుంటే పదిహేడు మంది అడిగారు. ఎర్ర గుడ్డ మళ్ళీ కొనుక్కురావాల్సి వచ్చింది. పదిహేడు మందికి ట్రాక్టర్ దగ్గర పనేముంటుంది? ఏమీ లేదు. అడిగింది పని కోసం కాదు కాబట్టి నేనూ మాట్లాడలేదు.

చందా డబ్బుతో మందు కొనకూడదనే తీర్మానం మాత్రం సులువుగా రాలేదు. పెళ్ళైనవాళ్ళలో ఆరుగురు లేచిపోయారు. నిమజ్జనం రోజు వాళ్ళు సొంత డబ్బులతో మామిడితోటలో సిట్టింగ్ వేశారు. రాత్రి డీజే పాట మీద చిన్న గొడవ కూడా అయింది. ట్రాక్టర్ మీద పిల్లల చేతుల్లో గ్లాసులు లేవు. అంతే. అంతకంటే ఎక్కువ రాస్తే అబద్ధం అవుతుంది.

చెరువుకట్ట

నవంబర్‌లో గంజాయి కేసు వచ్చింది. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి వచ్చిన డిగ్రీ కుర్రాడు చెరువుకట్ట మీద దొరికాడు. నాకు ఫోన్ చేసేలోపే రెండు దెబ్బలు పడ్డాయి. ఇది యూత్‌లకు పెద్ద బలహీనత: మద్యం తాగేవాడు అన్న, గంజాయి తాగేవాడు దొంగ. తాగినందుకు ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ కింద శిక్ష ఉంది, నిజమే. అదే చట్టంలో 64ఏ కూడా ఉంది: చిన్న మొత్తంతో పట్టుబడ్డ వ్యసనపరుడు తానుగా చికిత్సకు ఒప్పుకుని పూర్తి చేస్తే విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. కొట్టి పంచాయతీ పెడితే వాడు చికిత్సకు రాడు, అమ్మినవాడి దగ్గరికే పోతాడు. అమ్మేవాళ్ళ సమాచారం ఉంటే పోలీసులకు చెప్పి పక్కకు జరగాలి, కాపు కాయకూడదు. ఇప్పుడైతే అందుకు 1908 నంబరు ఉంది. చికిత్స గురించి అడగాలంటే 14446, మనసు బాగోలేకపోతే 14416. ఆ కుర్రాడు ఆరుసార్లు వచ్చాడు, తర్వాత రావడం మానేశాడు. అతని గురించి ఇంతకంటే రాయను.

యూత్‌లో ఆడపిల్లలు లేరు. నేను ఈ పని మొత్తం మగపిల్లలతోనే చేశాను. కల్లు తాగే ఆడవాళ్ళతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆ లోటు బాగా తెలిసింది. చివరికి పొదుపు సంఘం లీడరమ్మ ఇల్లిల్లూ తిరిగింది. మొదటి రోజే ఆమె దగ్గరికి పోవాల్సింది.

జూలై

2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారన్న వార్త టీవీల్లో రోజంతా తిరిగింది. ఊళ్లో భయం పుట్టింది. ఇక ముట్టం అని చాలామంది ఆ రోజే మానేయడానికి సిద్ధపడ్డారు. సంతోషించాల్సిన మాటే. ఏడాది కింద అయితే నేను ఫోటో తీసి పంపేవాణ్ణి.

ఆ సాయంత్రం నేను చెప్పకముందే యూత్ వాళ్ళు, లీడరమ్మ కలిసి తిరిగారు. అవ్వ మనవడు ముందు నడిచాడు. “రోజు తాగేటోళ్ళు ఒక్కసారే బంద్ పెట్టకుండ్రి. చేతులు వణికినా, నిద్ర రాకపోయినా మాకు చెప్పుండ్రి” అని ఇంటింటికీ చెప్పారు. మూడు రోజుల్లో రెండు ఆటోల నిండా మనుషులను మహబూబ్‌నగర్ తీసుకొచ్చారు. ఓపీ చీటీల దగ్గర లైన్లో నిలబడ్డది కూడా వాళ్ళే. మెడల్లో ఎర్ర కండువాలు. ఎవరికీ ఫిట్స్ రాలేదు. అందులో సగం మంది కొన్ని వారాలకు మళ్ళీ దుకాణానికి పోయారు. మిగతా సగం ఇంకా మాత్రలు తగ్గించుకుంటున్నారు.

అవ్వ ఇప్పుడు దుకాణానికి పోవడం లేదు. ఎండాకాలంలో గౌడాయన చెట్టు మీద నుంచి దించిన లొట్టి నుంచి ఒక గ్లాసు తాగింది. మనవడు వచ్చి నాకు ఫిర్యాదు చేశాడు. మొదటిసారి అవ్వను అడగకుండా మాన్పించాం, ఈసారి అడుగుదాం అన్నాను. అడిగాడు. “చెట్టు కల్లు నీ లెక్కల రాదు పో” అన్నదట. డాక్టర్ ఒప్పుకోలేదు. ఆ చర్చ ఇంకా నడుస్తోంది.

2025 చవితి ఆగస్టు 27న. నిమజ్జనం అయ్యాక క్యాషియర్ ఎర్ర అట్ట పుస్తకం తెచ్చాడు. విగ్రహం, మండపం, లైటింగు, డీజే. తర్వాత ‘మజ్జిగ, పులిహోర – 6,200’, ‘కండువాల గుడ్డ – 900’, ‘అసుపత్రికి ఆటో కిరాయి (జూలై) – 1,600’. ఆ కిరాయి చవితి లెక్కలో ఎందుకు వేశావంటే “చందా పైసలే గద సార్, గివి గూడ ఊరికే ఇచ్చినం” అన్నాడు. పేజీ అడుగున మళ్ళీ ఒక లైను ఉంది. ‘ఇతరములు – 1,450.’

దాని మీద వేలు పెట్టాను. క్యాషియర్ పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

“గదొక్కటి అడగకు సార్.”